పాత గ్రామఫోన్ పెట్టెలు: కర్ర మారితే ధర ఎందుకు మారుతుంది?

1910ల్లో అమెరికాలోని విక్టర్ కంపెనీ కేటలాగులో ‘విక్ట్రోలా 16’ అనే గ్రామఫోన్ ఉండేది. మహాగని పెట్టెలో గానీ ఓక్ పెట్టెలో గానీ కావాలంటే 200 డాలర్లు. సర్కేసియన్ వాల్‌నట్ పెట్టెలో కావాలంటే 250. లోపల స్ప్రింగ్ మోటారు మూడింటిలోనూ ఒకటే, ముల్లు కదలికను శబ్దంగా మార్చే సౌండ్‌బాక్స్ ఒకటే, పాట బయటికొచ్చే బాకా ఒకటే. అదనంగా కట్టే 50 డాలర్లు కేవలం పైన కనిపించే కర్రకే.

వందేళ్లు దాటిపోయాక కూడా ఆ తేడా అలాగే నిలబడింది. మామూలు మహాగని విక్ట్రోలాను చూసి పక్కకు వెళ్లిపోయే కలెక్టరు, అంటే పాత యంత్రాలు సేకరించేవాడు, మంచి వాల్‌నట్ పెట్టె కనిపిస్తే ఆగిపోతాడు. అమ్మేవాళ్లు దీనికి రకరకాల కారణాలు చెబుతారు. అరుదైన కర్ర కాబట్టి పాట తియ్యగా వినిపిస్తుందంటారు, లేదంటే మొత్తం ఒకే చెట్టు చేవలోంచి చెక్కిన పెట్టె అంటారు. ఈ మాటల్లో నిజం చాలా తక్కువ. కర్ర ఎంత అరుదు, పాట ఎంత బాగుంది, ధర ఎంత పలుకుతుంది అన్నవి మూడు వేరు వేరు లెక్కలు. వాటిని కలిపేసుకున్నప్పుడే కొనేవాళ్లు నష్టపోతున్నారు.

యంత్రం కాస్తా ఫర్నిచర్ అయిన వేళ

ఎడిసన్ 1877లో మెన్లో పార్క్‌లో తన మొదటి ఫోనోగ్రాఫ్ తయారుచేశాడు. న్యూజెర్సీలో మనవాళ్లు పెద్ద సంఖ్యలో ఉంటున్న ఎడిసన్ ఊళ్లోనే ఉంది ఆ మెన్లో పార్క్. ఊరికి ఆ పేరు 1954లో పెట్టారు. ఎడిసన్ యంత్రం గొట్టం ఆకారంలోని సిలిండర్ మీద పాటను ఎక్కిస్తే, ఆ తర్వాత పదేళ్లకు ఎమిల్ బెర్లినర్ బల్లపరుపు ప్లేటు మీద ఎక్కించాడు. బెర్లినర్ యంత్రానికి మంచి స్ప్రింగ్ మోటారు చేసిచ్చిన ఎల్డ్రిడ్జ్ జాన్సన్ 1901లో కామ్డెన్‌లో విక్టర్ కంపెనీ పెట్టాడు. కామ్డెన్ కూడా న్యూజెర్సీలోనే.

తొలి రోజుల్లో ఇవన్నీ చిన్న ఓక్ పెట్టె మీద పెద్ద బాకాతో ఉండేవి. వర్క్‌షాపులో అయితే సరే, ముందుగదిలో పెట్టుకోవడానికి చాలామందికి నచ్చేది కాదు. బాకాకు దుమ్ము పట్టేది, నడిచేవాళ్లకు తగిలేది. 1906లో జాన్సన్ దీనికి ఒక ఉపాయం చేశాడు. బాకాను కిందికి తిప్పి, దాదాపు నాలుగడుగుల ఎత్తున్న బీరువా లాంటి పెట్టెలో దాచేశాడు. ముందున్న చిన్న తలుపులు తెరిస్తే పాట గట్టిగా వినిపిస్తుంది, దగ్గరికి వేస్తే తగ్గుతుంది. అదే విక్ట్రోలా. అంత నాణ్యమైన పెట్టెలు చేసే వసతి అప్పటికి విక్టర్‌కు లేదు. అందుకే మొదటి విడతవి ఫిలడెల్ఫియాలోని పూలీ ఫర్నిచర్ కంపెనీ చేసిచ్చింది. పేరుపలక మీద ‘వి.టి.ఎల్.ఏ.’ అనే అక్షరాలున్న ఆ తొలి విక్ట్రోలాల కోసం కలెక్టర్లు ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నారు.

200 డాలర్లంటే అప్పట్లో ఎంతో ఒక లెక్క చూడండి. 1914లో హెన్రీ ఫోర్డ్ తన కార్మికులకు రోజుకు 5 డాలర్లు ఇస్తానని ప్రకటిస్తే అది పెద్ద వార్త అయింది. ఆ కూలి తీసుకునేవాడికి కూడా విక్ట్రోలా 16 అంటే 40 రోజుల సంపాదన. అంత డబ్బు పెట్టేవాళ్లు మోటారుతో పాటు ఇంట్లో సోఫా, భోజనాల బల్ల ఏ కర్రవో కూడా చూసుకుని, దానికి జతపడే పెట్టె అడిగారు. ఎడిసన్ కూడా 1909లో బాకాను లోపల దాచిన ఆంబెరోలాను అదే 200 డాలర్లకు తెచ్చాడు. కొలంబియా అయితే బాకాను దాచేసి, యంత్రాన్ని మహాగని బల్లలోనే అమర్చింది. అప్పటి నుంచి గ్రామఫోన్ వ్యాపారంలో సగం ఫర్నిచర్ వ్యాపారమే.

కర్రను దగ్గర నుంచి చూస్తే

ఈ పెట్టెల్లో నిలువెల్లా ఒకే మంచి కర్రతో చేసినవి తక్కువ. లోపలి చట్రం చవక కర్రది. దాని మీద అందమైన కర్రను పల్చటి పొరగా కోసి, సరేసు జిగురుతో అతికించేవారు. దీన్నే వెనీర్ అంటారు. ఇది మోసం కాదు. ప్లైవుడ్ మీద సన్‌మైకా అతికించినంత సులువైన పనీ కాదు. చెట్టు పంగలో, అంటే కొమ్మలు చీలే చోట, మహాగని రేకలు మంటలా పైకి లేస్తాయి. ఆ భాగాన్ని మందపు పలకగా వాడితే కొన్నేళ్లకు వంకర తిరిగి పగులుతుంది. పల్చగా కోసి నిటారుగా ఉండే కర్ర మీద అతికిస్తేనే నిలుస్తుంది. ఒకే దుంగలోంచి వరసగా కోసిన రెండు పొరలను పుస్తకం తెరిచినట్టు పక్కపక్కన పరిస్తే, ఎడమవైపు గీత కుడివైపు గీతకు అద్దంలో బొమ్మలా సరిపోతుంది. మంచి పెట్టె తలుపులు మూసి మధ్యగీత దగ్గర చూస్తే ఈ జత కనిపిస్తుంది. జత కుదరకపోతే ఏదో ఒక తలుపు తర్వాత మార్చినదని అనుమానించాలి.

ఓక్ విషయంలో చూడాల్సింది కోత. దుంగను మామూలుగా వరస పలకలుగా కోస్తే కొండల్లాంటి వంపులు వస్తాయి. నాలుగు భాగాలుగా చీల్చి, నడుమ నుంచి బెరడు వైపు సాగే దిశలో కోస్తే మాత్రం ఓక్‌లో దాగి ఉన్న కణాల వరసలు బయటపడి పులిచారల్లా మెరుస్తాయి. ఫోన్ టార్చి వెలుగును పక్క నుంచి వేసి కొంచెం అటూ ఇటూ కదిపి చూడండి. నిజమైన చారలు వెలుగుతో పాటు మెరుస్తూ ఆరుతూ ఉంటాయి. రంగుతో గీసిన చారలు ఎటు నుంచి చూసినా ఒకేలా ఉంటాయి. ఇలా కోస్తే కర్ర వృథా ఎక్కువ, పని ఎక్కువ. పైగా కొన్ని ఓక్ పెట్టెల ముదురు గోధుమ రంగు పూసింది కాదు. మూసిన గదిలో అమ్మోనియా ఆవిరి పట్టిస్తే ఓక్‌లోని టానిన్ దానితో కలిసి కర్రే ఆ రంగుకు మారుతుంది. పెట్టెను గీకేస్తే ఆ రంగును బ్రష్‌తో మళ్లీ తేవడం చాలా కష్టం.

ఇక సర్కేసియన్ వాల్‌నట్. కాకసస్ కొండల వైపు నుంచి, నల్లసముద్రం మీదుగా వచ్చేది. తేనె రంగు నేల మీద నల్లటి, బూడిద రంగు చారలు పొగ తేలిపోతున్నట్టు పరుచుకుని ఉంటాయి. ఏ రెండు పలకలూ ఒకేలా ఉండవు. నిజానికి ఇది వేరే జాతి చెట్టేమీ కాదు. మనం తినే అక్రోట్ కాసేదీ, కశ్మీరులో చెక్కడాలకు వాడేదీ ఇదే చెట్టు. ఆ నేలలో పెరిగిన ముసలి చెట్లలో చారలు గొప్పగా పడటం వల్ల పేరొచ్చింది. 1914లో యుద్ధం మొదలై డార్డనెల్స్ జలసంధి మూతపడ్డాక నల్లసముద్రం దారి సరుకు ఆగిపోయింది. ఖరీదెక్కువ కావడం వల్ల ముందే తక్కువ మంది కొన్న పెట్టెలు, కర్ర దొరక్క మరింత తగ్గాయి. అరుదు అనే మాటకు ఇక్కడ గట్టి ఆధారం ఉంది.

అయితే ఆ రోజుల్లోనే దీనికి నకలు కూడా ఉండేది. అమెరికాలో దొరికే రెడ్ గమ్ అనే కర్రకు రంగు పట్టించి సర్కేసియన్ వాల్‌నట్‌లా కనిపించేలా చేసేవారు. అలాగే బర్చ్ కర్రకు ఎర్రరంగు వేసి మహాగని అనిపించేవారు. చిన్న చిన్న కంపెనీల పెట్టెల్లో ఇది ఎక్కువ. తెలుసుకోవాలంటే మూత కింది వైపు, అరల లోపల, వెనక పలక అంచుల దగ్గర చూడాలి. అసలు కర్రలో చార దాని లోపలికి కూడా పోతుంది. రంగు వేసిందైతే దెబ్బ తగిలిన మూల దగ్గర తెల్లబారి బయటపడుతుంది.

విక్టర్ ఒక దశలో వెర్నీ మార్టాన్ అనే పెట్టెలు కూడా చేసింది. 18వ శతాబ్దపు పారిస్ పనితనాన్ని అనుసరించి, బంగారు రంగు లక్క మీద చేతితో వేసిన బొమ్మలుంటాయి వీటి మీద. ఇక్కడ కర్ర అసలు కనిపించదు. విలువంతా పై పూతదే. ఆ బొమ్మ చెరిగితే కొన్న డబ్బు పోయినట్టే.

పాటకూ కర్రకూ ఉన్న సంబంధం

వీణకు పనస కర్ర ఎంత ముఖ్యమో మనకు తెలుసు. తీగ కంపిస్తే ఆ కర్ర కంపించి నాదం పెద్దదవుతుంది. గ్రామఫోన్‌లో జరిగేది అది కాదు. ముల్లు గాడిలో కదులుతుంది, ఆ కదలిక సౌండ్‌బాక్స్‌లోని అభ్రకం బిళ్లను కదిలిస్తుంది, ఆ బిళ్ల గాలిని నెడుతుంది. బాకా పని ఆ గాలి కదలికను క్రమంగా వెడల్పు చేస్తూ గదిలోకి వదలడం. బాకా గోడ తానే కంపించడం మొదలుపెడితే పాట చెడుతుంది. అందుకే అది గట్టిగా, కదలకుండా ఉండాలి. చుట్టూ ఉన్న పెట్టె రోజ్‌వుడ్ అయినా ఓక్ అయినా చెవికి పెద్ద తేడా తెలియదు.

ఫిడేలులా కట్టాం, అందుకే మధురం అని అప్పటి ప్రకటనలు ఊదరగొట్టాయి. 1925లో విక్టర్ తెచ్చిన ఆర్థోఫోనిక్ విక్ట్రోలా ఆ మాటలను పక్కకు నెట్టేసింది. వెస్టర్న్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు బాకా ఎంత పొడవుండాలి, ఏ లెక్కన వెడల్పు కావాలి అన్నది గణితంతో తేల్చారు. ఆ లెక్కతో మడతలు పెట్టిన బాకా, కొత్త సౌండ్‌బాక్స్ కలిపి చేసిన క్రెడెంజా మోడల్ ఇప్పటికీ కరెంటు లేకుండా పాడే యంత్రాల్లో గొప్పదని చాలామంది ఒప్పుకుంటారు. అంతకుముందు వచ్చిన వాల్‌నట్ విక్ట్రోలా పక్కన దాన్ని పెట్టి పాత ప్లేటు వేస్తే మంద్రం ఎంత నిండుగా ఉందో వెంటనే తెలుస్తుంది. పాట కోసం కొనేవాళ్లు క్రెడెంజా వైపు వెళ్లాలి, కర్ర కోసం కొనేవాళ్లు దానికి ముందు కాలానికి వెళ్లాలి. ఈ నిర్ణయం ముందే చేసుకుంటే చాలా డబ్బు మిగులుతుంది.

కర్రకు పాటలో కొంత పాత్ర ఉన్న చోటు ఒకటుంది. అది కర్ర బాకా. ఇనుప రేకు బాకా కొన్ని స్వరాల దగ్గర గణగణమంటుంది, కర్ర బాకా ఆ మోతను అణుస్తుంది. ఫిలడెల్ఫియాలో షీప్ అండ్ వాండెగ్రిఫ్ట్ కంపెనీ పల్చటి కర్ర పొరలు అతికించి చేసిన ‘మ్యూజిక్ మాస్టర్’ బాకాలు వీటిలో పేరున్నవి. 1911లో ఎడిసన్ తెచ్చిన ఆపెరా ఫోనోగ్రాఫ్‌కు ఈ బాకా ఉంటుంది. మహాగని పెట్టె, మహాగని బాకా, సిలిండరే పక్కకు జరుగుతుంటే కదలకుండా నిలబడే సౌండ్‌బాక్స్. ఎడిసన్ బయటి బాకా యంత్రాలను త్వరలోనే ఆపేయడంతో ఇవి కొద్ది కాలమే వచ్చాయి. కర్ర, పాట, అరుదు మూడూ ఒకే చోట కలిసిన యంత్రం ఏదంటే నేను దీని పేరే చెబుతాను. ధర కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది.

అరుదైన కర్ర, చేతకాని లోహం

విక్టర్, బెర్లినర్ల ముఖ్యమైన పేటెంట్లు ఒక్కొక్కటిగా తీరిపోయాక 1910ల చివర్లో అమెరికాలో ఊరూరా గ్రామఫోన్ కంపెనీలు పుట్టుకొచ్చాయి. వాటిలో చాలా వాటికి సొంత మోటారు లేదు, సొంత సౌండ్‌బాక్స్ లేదు. ఫర్నిచర్ చేసేవాళ్లే మోటార్లు కొని బిగించి అమ్మారు. అందుకే వీటిలో కొన్ని పెట్టెలు విక్టర్ కంటే అందంగా ఉంటాయి. లోపల చూస్తే దిగులేస్తుంది. సౌండ్‌బాక్స్‌ను మోసే గొట్టం, అంటే టోన్‌ఆర్మ్, నాసిరకం జింక్ మిశ్రమంతో పోతపోసినదై ఉంటుంది. ఆ లోహం ఏళ్లు గడిచేకొద్దీ లోపల్నుంచి ఉబ్బి, బీటలు వారి, చేతిలో పొడిపొడిగా రాలుతుంది. దానికి బాగుచేత లేదు. ఇంకోటి దొరకాలి, లేదా కొత్తగా చేయించాలి. ఈ జబ్బు పెద్ద కంపెనీల యంత్రాలకూ ఉంది. ఆర్థోఫోనిక్ సౌండ్‌బాక్సులు కూడా దీనికి బలైనవే. పెట్టె చూసి మురిసిపోయే ముందు మూత ఎత్తి, టోన్‌ఆర్మ్ మెడ దగ్గర సన్నని పగుళ్లు ఉన్నాయేమో చూడాలి.

మూత ఎత్తినప్పుడే పేరుపలక మీద మోడల్, నంబరు కూడా చూసుకోవాలి. ఒక యంత్రం మోటారును ఇంకో యంత్రం పెట్టెలో బిగించి అమ్మడం మామూలే. మోటారు పలక అంచు చుట్టూ సందు సమానంగా లేకపోయినా, పాత మేకు రంధ్రాలు మైనంతో పూడ్చి ఉన్నా అనుమానించాల్సిందే.

మన దగ్గర సమస్య ఇంకో రకం. ముంబయి చోర్ బజార్ నుంచి ఢిల్లీ దాకా పాత సామాన్ల దుకాణాల్లో తళతళలాడే ఇత్తడి బాకా, కుక్కబొమ్మ, నగిషీలు చెక్కిన ‘రోజ్‌వుడ్’ పెట్టెతో గ్రామఫోన్లు కనిపిస్తాయి. వీటిలో చాలావరకు ఈ మధ్య చేసినవే. పెట్టె కొత్త సిస్సూ కర్ర. బాకా కొత్త ఇత్తడి రేకు. అసలు పాతవాటిలో పువ్వు ఆకారం బాకాలు ఎక్కువగా రంగు వేసిన ఇనుప రేకువి. మోటారూ టోన్‌ఆర్మూ మాత్రం నిజంగా పాతవే. హెచ్.ఎం.వి. 102 లాంటి సూట్‌కేసు గ్రామఫోన్లను విప్పి తీసినవి. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. తాతల కాలంలో మన ఇళ్లలో నాటక పద్యాలు, హరికథలు వినిపించింది ఆ నల్లటి పెట్టెలే. వాటికి చూపించుకోవడానికి కర్ర లేదు కాబట్టి విలువ లేదనుకుని, ముక్కలు చేసి నకిలీ రోజ్‌వుడ్ పెట్టెల్లోకి ఎక్కిస్తున్నారు. మీ ఇంట్లో అటక మీద అలాంటిది ఉంటే దయచేసి బాకా గ్రామఫోన్‌తో మార్పిడి చేసుకోకండి. కుక్కబొమ్మ ఉంటే పాతదే అన్న నమ్మకం కూడా వద్దు. 1909కి ముందు హెచ్.ఎం.వి. ప్లేట్లు చేసిన బ్రిటన్‌లోని గ్రామఫోన్ కంపెనీ ప్లేట్ల మీద ఉండే ముద్ర కుక్క కాదు, ఈకతో రాస్తున్న దేవదూత.

పాలిష్ జోలికి వెళ్లొద్దు

పెట్టె ఇంటికొచ్చాక జరిగే నష్టం చాలా పెద్దది. మంచి కార్పెంటర్ వస్తాడు, మసకబారిన పెట్టెను చూస్తాడు, ఉప్పు కాగితంతో రుద్ది పీయూ పాలిష్ కొడితే కొత్తదానిలా చేస్తానంటాడు. టేకు తలుపుకైతే అది సరైన పనే. వెనీర్‌ను మిషన్‌తో రుద్దితే ఆ పల్చటి పొర మూలల దగ్గర క్షణాల్లో చిరిగి కింది చవక కర్ర బయటపడుతుంది. పొర మిగిలినా, వందేళ్లలో వచ్చిన రంగు పోతుంది, కంపెనీ ముద్ర పోతుంది. ఏ కర్ర కోసం ఎక్కువ డబ్బు పెట్టారో ఆ కర్రే పోతుంది.

ముందు చేయాల్సింది మురికి తీయడం. చాలాసార్లు పైన పేరుకున్నది వంటింటి పొగ, నూనె జిడ్డు, చేతుల మురికి. కనిపించని చోట, కొంచెం తడి గుడ్డతో, తర్వాత కొద్దిగా మైనంతో చూడండి. కింద ఉన్న పూత లక్కదా వార్నిష్‌దా తెలియాలంటే పెట్టె అడుగున ఒక చుక్క స్పిరిట్ వేస్తే చాలు. లక్క అయితే మెత్తబడి జిగురుగా అంటుకుంటుంది. లక్క పూతకు ఒక మంచి గుణముంది. స్పిరిట్‌తో దాన్ని కరిగించి, మళ్లీ సర్దవచ్చు. గీకాల్సిన పని లేదు. లేచిన వెనీర్ కింద ఫెవికాల్ నింపడం కూడా వద్దు. పాత సరేసు వేడికీ తడికీ కరుగుతుంది కాబట్టి దాన్ని సరేసుతోనే మళ్లీ అతికించవచ్చు. రేపు ఇంకెవరైనా బాగుచేయాలన్నా విప్పగలరు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో తేమకూ, రోజంతా ఏసీ వేసి రాత్రి ఆపేసే గదుల్లో పొడికీ ఈ పొరలు లేస్తుంటాయి. ఎండ పడని గోడ, చెదలు ఎక్కకుండా నేల నుంచి కాస్త ఎత్తు, మారకుండా ఉండే గాలి కావాలి దానికి.

పూతలో వాడిన ఆ లక్క చాలావరకు మన దేశానిదే. ఛోటా నాగపూర్ అడవుల్లో లక్క పురుగు చెట్ల కొమ్మల మీద కూడబెట్టిన జిగురు ఓడల్లో వెళ్లి, కామ్డెన్‌లో ప్లేటుగా అచ్చయింది, కర్ర మీద మెరుపుగా మారింది. లాడ్ బజార్ గాజుల్లో ఉన్నదీ ఆ పదార్థమే. 1908 నుంచి కలకత్తాలోని సియాల్దాలో కూడా ప్లేట్లు అచ్చువేశారు.

అమెరికాలో ఉన్నవాళ్లు కొనే ముందు డెలావేర్ రాష్ట్రం డోవర్‌లోని జాన్సన్ విక్ట్రోలా మ్యూజియం, న్యూజెర్సీ వెస్ట్ ఆరెంజ్‌లోని ఎడిసన్ ప్రయోగశాల చూసి రావడం మంచిది. పాడుచేయని పాత పూత ఎలా ఉంటుందో ఒకసారి కళ్లతో చూస్తే, గీకి పాలిష్ కొట్టిన పెట్టె ఎక్కడున్నా గుర్తుపట్టగలరు. దేశాలు దాటించాలంటే చట్టాలు కూడా చూసుకోవాలి. బ్రెజిల్ రోజ్‌వుడ్‌ను 1992లో సైటీస్ ఒప్పందం, అంటే అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం, అత్యంత కఠినమైన జాబితాలో చేర్చింది, 2017 నుంచి మిగతా రోజ్‌వుడ్ జాతులన్నీ రెండో జాబితాలోకి వచ్చాయి. ఆ కర్ర ఉన్న పెట్టెకు అది పాతదని చూపే కాగితాలు అడుగుతారు. మన దేశం నుంచి బయటికి పంపాలంటే 1972 నాటి పురావస్తువుల చట్టం ఉంది. వందేళ్లు దాటిన, గడిచిన కాలపు విజ్ఞానానికీ హస్తకళకూ గుర్తుగా నిలిచే వస్తువులు కూడా దాని కిందికి వస్తాయి. 1906 నాటి విక్ట్రోలాకు ఆ వయసు ఎప్పుడో దాటింది, 1925 నాటి క్రెడెంజాకు కూడా 2025తో వందేళ్లు. కాబట్టి ప్యాకింగ్ మొదలుపెట్టే ముందే పురావస్తు శాఖను అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి.